గండయ్య చేతులు, నూకాలు ఎక్కిన ఓడ

ఒకప్పుడు బురద పీతకి రెండు చేతులూ పెద్దవే. కుడిచెయ్యి ఎంతో ఎడమచెయ్యీ అంతే. ఒంటి బరువు కంటే ఆ చేతుల బరువే ఎక్కువ.

అలాంటి పీతల్లో గండయ్య అనే మగపీత ఒకడు ఉండేవాడు. కోరంగి దగ్గర, మడ చెట్ల కింద, ఏటి ఒడ్డు బురదలో అతని బొరియ. పెళ్ళాం పేరు నూకాలు. ఆడపీతలకి మాత్రం అప్పుడూ రెండు చేతులు చిన్నవే, ఇప్పుడూ చిన్నవే.

గండయ్యకి తన చేతులంటే ప్రాణం. పొద్దున్నే బయటికొచ్చి రెంటినీ పక్కపక్కన పెట్టి కొలుచుకునేవాడు. సమానంగా ఉన్నాయని తేలాకే మిగతా లోకం వైపు చూసేవాడు. చూశాక ఊరుకునేవాడు కాదు. కొంగ ఒంటికాలి మీద నిలబడితే, రెండో కాలు ఎవరికి అరువిచ్చావని అడిగేవాడు. నాలుక చేపకి రెండు కళ్ళూ ఒకవైపే ఉంటాయి కదా, దాన్ని చూసి, పాపం రెండోవైపు ఎవరొచ్చి కూర్చున్నా నీకు తెలియదే అని జాలిపడేవాడు. రెండు ఉన్నాయంటే ఆ రెండూ ఒకేలా ఉండాలి. అది అతని పట్టుదల.

ఇంత గొప్ప చేతులకి ఒకటే లోపం. అవి నోటిదాకా వంగవు.

బురద పీతలు తినేది బురదనే. నీళ్ళు వెనక్కి తీశాక చిటికెడు బురద నోట్లో వేసుకుని, అందులో సారం పీల్చుకుని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడతాయి. గండయ్య చేతికి చిటికెడు రాదు. తీస్తే తట్టెడు వస్తుంది, అది నోటికి అందదు. అందుకని నూకాలు పక్కన కూర్చుని, తనకొక ముద్ద, అతనికి రెండు ముద్దలు పెట్టేది.

"పసిపిల్లలకైనా పళ్ళొచ్చేదాకానే తినిపిస్తారు మావా" అనేది.

గండయ్య ఆ మాట విననట్టే ఉండేవాడు. నోరు మాత్రం తెరిచేవాడు.

ఆ ఏడాది గవరయ్య మేస్త్రి ఆ ఒడ్డున ఓడ కట్టాడు. అక్కడ ఓడ కట్టే పద్ధతి ఇలా ఉండేది. ఏటి పక్కన బురదలో పెద్ద గొయ్యి తవ్వి, ఏటి వైపు మట్టికట్ట వేసి, లోపల పొడిగా ఉన్న చోట ఓడ కట్టేవారు. పని పూర్తయ్యాక అమావాస్య పోటుకో పున్నమి పోటుకో ఆ కట్ట తెగ్గొట్టేవారు. ఏరే లోపలికొచ్చి ఓడని ఎత్తుకుని తీసుకుపోయేది.

అది రెండు తెరచాప కొయ్యల ఓడ. దొరలు దాన్ని బ్రిగంటైన్ అనేవారు. ముందు కొయ్యకి అడ్డవాసాలు కట్టి, దండెం మీద దుప్పట్లు ఆరేసినట్టు ఒకదాని కింద ఒకటి నాలుగు తెరచాపలు దించారు. వెనక కొయ్యకి ఒకటే పెద్ద తెరచాప. అది తలుపు రెక్కలాగా అటూ ఇటూ తిరిగేది.

అది చూసిన పూట గండయ్యకి ముద్ద దిగలేదు. గబగబా గోతి అంచుకి వెళ్ళి, నీ రెండు కొయ్యలూ ఒకేలా లేవేమిటని ఓడనే అడిగేశాడు. ఓడ కొత్తది, ఇంకా గుగ్గిలం వాసన ఆరలేదు. అయినా నెమ్మదిగానే జవాబు చెప్పింది.

"ముందుది పోవడానికి, వెనకది తిరిగి రావడానికి. గాలి వీపున తోస్తుంటే ముందు తెరచాపలు చాలు. అదే గాలి ఎదురైనప్పుడు ఇంటికి రావాలంటే వెనకదాని పని."

పోయినదానితోనే తిరిగి రావచ్చు కదా, దానికి వేరే తెరచాప ఎందుకని గండయ్య అన్నాడు. నువ్వెప్పుడైనా సముద్రం మీదికి వెళ్ళావా అని ఓడ అడిగింది. గండయ్య ఎండ ఎక్కువగా ఉందంటూ ఇంటికి వచ్చేశాడు.

వచ్చాడే గానీ ఆ ఆలోచన వదల్లేదు. మేస్త్రి పొరపాటు చేశాడు, ఎవరో ఒకరు దిద్దాలి. వెనక తెరచాపని పైకెత్తి పట్టుకున్న మోకు కొరికేస్తే అది కిందపడుతుంది. అప్పుడు మేస్త్రికి బుద్ధొచ్చి దాన్నీ ముందుదానిలా కడతాడు. ఇదీ గండయ్య ఉపాయం. అంత చేతులతో ఓడ ఎక్కడం అతని వల్ల కాదు. అందుకని నూకాల్ని వెళ్ళమన్నాడు.

నూకాలు వద్దంది. ఇవాళ అమావాస్య, పోటు ఎక్కుతోంది, ఏ క్షణాన అయినా కట్ట తెంచుతారు అంది. తప్పు దిద్దకుండా ఏ మేస్త్రీ కట్ట తెంచడని గండయ్య పట్టుబట్టాడు.

"సరే మావా. నేనొచ్చేలోగా ఆకలేస్తే?"

"చిటికెలో పని. ఈలోగా ఆకలెందుకేస్తుంది?"

నూకాలు ఓడకి కట్టిన తాడు పట్టుకుని పైకి పాకింది. ఆమె ఇంకా వెనక కొయ్య దగ్గరికి చేరనేలేదు, గవరయ్య మేస్త్రి మనుషులు పారలు పట్టుకుని కట్ట మీదికి దిగారు. నాలుగు వేట్లకి కట్ట తెగింది. నీళ్ళు లోపలికి దూకాయి. ఓడ ఒళ్ళు విరుచుకుని లేచింది. గండయ్య ఒడ్డున నిలబడి ఆపమని అరిచాడు. పీత అరుపు ఎంతదూరం పోతుంది? ఓడ ఏట్లోకి పోయింది, ఏట్లోంచి సముద్రంలోకి పోయింది.

సాయంత్రానికి కొంగ కబురు తెచ్చింది. ఆ రోజుల్లో కొంగకి పీతల రుచి ఇంకా తెలియదు, అందుకని మాటలుండేవి. ఓడ నడిపే పెంటయ్య తండేలుది ఒక పట్టింపట. కొత్త ఓడ గాలివాటున సముద్రంలోకి పోయి, అదే గాలికి ఎదురు నడిచి, పుట్టిన ఏట్లోకి తిరిగి రావాలి. వస్తేనే దాన్ని ఓడ అని ఒప్పుకుంటాడు. నాలుగు రోజుల్లో వచ్చేస్తుందని కొంగ చెప్పింది.

"రాలేకపోతే?" అన్నాడు గండయ్య.

"గాలి ఎటు తోస్తే అటే. ఈ గాలికి బర్మా దాకా పోతుందేమో. నీకెందుకా బెంగ? వెనక తెరచాప ఉంది కదా, అది తీసుకొస్తుంది."

నూకాల్ని పంపింది ఆ తెరచాప పడగొట్టడానికే. ఆమె గనక తను చెప్పినట్టు మోకు కొరికేసిందంటే ఓడ తిరగదు. ఓడ తిరగకపోతే ఆమె రాదు.

పెళ్ళయిన నాటినుంచీ నూకాలు తన మాట వినదని గండయ్య ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఆ నాలుగు రోజులూ మాత్రం, ఈ ఒక్కసారి కూడా వినకుండా ఉంటే చాలని ఆకాశం వైపు చూసి దణ్ణాలు పెట్టుకున్నాడు. దణ్ణం పెట్టడానికి ఆ చేతులు బాగానే పనికొచ్చాయి. తినడానికే పనికి రాలేదు. కుడిచేత్తో తీస్తే బురద కళ్ళలో పడింది. ఎడమచేత్తో తీస్తే వీపు మీద పడింది.

నాలుక చేప ఈదుకుంటూ వచ్చి ఒక సలహా చెప్పింది. పీతలు కావాలనుకుంటే ఒక చెయ్యి విదిలించి పారేయగలవు, ఆ చోట కొత్తది మొలుస్తుంది, మొలిచేటప్పుడు చిన్నదిగానే ఉంటుంది, దాంతో సుఖంగా తినొచ్చు. గండయ్య అది తలపెట్టనైనా లేదు. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ పెట్టుకుని నలుగురిలో ఎలా తిరగాలి? అలా అంటూనే మూడు రోజులు పస్తున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం కొంగ పిలిచింది. ఏరు సముద్రంలో కలిసేచోట ఓడ కనబడింది. ఎదురుగాలికి కొంత ఈ పక్కకి, కొంత ఆ పక్కకి వాలుతూ వస్తోంది. ముందు తెరచాపలన్నీ చుట్టేసి ఉన్నాయి. వెనకది ఒక్కటే నిండుగా ఉబ్బి ఉంది. తన చేతుల్ని తప్పిస్తే అంత అందమైన వస్తువుని గండయ్య ఇంకెక్కడా చూడలేదు.

కానీ ఓడ ఇక్కడ ఆగదు, ఎగువన రేవు దాకా పోతుంది. నూకాలు అంచు మీద కూర్చుని ఒడ్డు వైపే చూస్తోంది. ఆమెకి కనబడేది ఒకేలాంటి మడ చెట్లు, ఒకేలాంటి బురద, అందులో వేల బొరియలు. వాటిలో తమది ఏదో ఆమెకి తెలియాలి.

గండయ్య రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. ఆ బరువుకి వెల్లకిలా పడ్డాడు. లేచి మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పడ్డాడు. అప్పటికి ఓడ సరిగ్గా ఎదురుగా వచ్చేసింది. ఇంకో నాలుగు గజాలు పోతే వంపు తిరిగిపోతుంది.

అప్పుడు గండయ్య తన చేతుల్ని కొలిచి చూసుకోలేదు. ఎడమచెయ్యి మొదలంటా బిగబట్టి విదిలించాడు. అది ఊడి బురదలో పడింది. ఒళ్ళు తేలికైంది. కాళ్ళు తన్నిపెట్టి, కుడిచెయ్యి ఒక్కటే ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తు లేపి, అటూ ఇటూ ఊపాడు. ఈసారి పడలేదు.

బురద మీద ఒకే ఒక్క చెయ్యి తెరచాపలా లేచి ఊగడం నూకాలు చూసింది. ఓడ మీదనుంచి నీళ్ళలోకి దూకేసింది.

ఒడ్డుకొచ్చి ముందు ఊడిపడిన చేతిని చూసింది. తరవాత అతన్ని చూసింది. కూర్చుని ఆరు ముద్దలు వరసగా అతని నోట్లో పెట్టింది. ఆరోది మింగాక గండయ్య, మోకు కొరికావా అని భయంభయంగా అడిగాడు.

"నువ్వు చెప్పిందల్లా కొరికితే మన కొంప ఎప్పుడో కూలేది మావా."

నెల తిరిగేసరికి ఎడమ పక్కన చిన్న చెయ్యి మొలిచింది. అది నోటికి చక్కగా వంగింది. గండయ్య పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన చేత్తో తాను తిన్నాడు. ఆ రుచి మరిగి, పొద్దు వాలేదాకా తింటూనే ఉన్నాడు. ఆ చెయ్యి తినిపించే పనిలో పడి పెరగడం మరిచిపోయింది. పెరగనివ్వకు అని నూకాలు కూడా గట్టిగా చెప్పింది. ఈసారి ఆ మాట అతను విన్నాడు.

అప్పటినుంచే మగ బురద పీతకి ఒక చెయ్యి పెద్దది, ఒక చెయ్యి చిన్నది. చిన్నదానితో తింటుంది. పెద్దదాన్ని పైకెత్తి ఊపుతూ ఆడపీతని పిలుస్తుంది. నమ్మకం లేకపోతే ఏటి పాయల వైపు వెళ్ళి, నీళ్ళు తీసిన వేళ బురద గట్టున కదలకుండా కూర్చోండి. వందల చేతులు ఊగుతూ కనిపిస్తాయి. కాకపోతే పెద్దది ఏ వైపు ఉండాలన్న సంగతి గండయ్య మనవల్లో ఇప్పటికీ తేలలేదు. కొందరు కుడి అంటారు, కొందరు ఎడమ అంటారు. పట్టుదల మాత్రం అందరికీ సమానంగానే వచ్చింది.