మాణిక్యమ్మ కుట్టిన బుల్లి బొంత

అనగనగా మన ఊరూ కాదు, పక్క ఊరూ కాదు, ఆ అవతలి ఊళ్ళో మాణిక్యమ్మ అని ఒకావిడ ఉండేది. బొంతలు కుట్టడానికి ఆవిడ పెట్టింది పేరు. పాత చీరలు మడతలు వేసి, చిన్న చిన్న కుట్లతో ఆవిడ కుట్టిన బొంత మీద పడుకుంటే ఎంత పెంకి పిల్లలైనా ఇట్టే నిద్రపోయేవారు. నీలాంటి వాళ్ళు కూడానమ్మా! కాళ్ళు దుప్పట్లో పెట్టుకో, చెబుతా.

మాణిక్యమ్మ కూతురు సుగుణ పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. అప్పుడు మాణిక్యమ్మ పెట్టె తెరిచి నేరేడుపండు రంగు నేత చీర ఒకటి తీసింది. అది వాళ్ళమ్మది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిపోయింది. ఆ ముసలావిడ మునిమనవరాలిని ఎత్తుకోవాలని ఎంత ఆశపడిందో! పాపం, ఆ ముచ్చట తీరకుండానే పోయింది. అందుకని ఆ చీర మీదే పాపని పడుకోబెట్టాలని మాణిక్యమ్మ పట్టుదల.

ఉన్నదేమో ఒక్క చీర. కత్తెర తప్పుపడితే అమ్మ చీర పాడైపోయినట్టే. అందుకే ముందు పాత దుప్పట్లతో కొలత చూసుకుందామనుకుంది.

మొదట ఉయ్యాలని కొలిచింది. దూలానికి కట్టిన చీర ఉయ్యాల అది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు కదా, అందుకని దాన్ని కదపకుండా, విప్పదీయకుండా, వేలాడుతున్నది వేలాడుతున్నట్టే కొలిచేసింది. లోపల పిల్ల లేకపోతే ఉయ్యాల మూసుకుపోయి ఉంటుందని ఆ హడావిడిలో తట్టలేదు. ఇంకేముంది, కొలత పొట్లకాయలా సన్నగా, పొడుగ్గా వచ్చింది. ఆ కొలతకి మడిచిన దుప్పటి మీద పాపని పడుకోబెడితే చేతులు రెండూ బయటే! సుగుణ పడీ పడీ నవ్వింది.

ఆ తర్వాత పాపనే కొలిచింది. నిద్రపోతుండగా జానతో కొలిచింది. నిద్రలో పసిపిల్లలు కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటారాయె! మెలకువ వచ్చి పాప ఒళ్ళు విరుచుకునేసరికి కాళ్ళు రెండూ ఆ కొలతకి మడిచిన దుప్పటి దాటి చాప మీదకొచ్చేశాయి.

ఆ తర్వాత వియ్యపురాలు బసవమ్మగారు పాపని చూడ్డానికి వచ్చింది.

"ఏంటి వదినగారూ ఈ పిసినారితనం? పెద్దది కుట్టండి. పెళ్ళయ్యేదాకా వాడుకుంటుంది" అంది.

వియ్యపురాలి మాట కాదనలేక ఈసారి పెద్ద దుప్పటే తెచ్చి ఉయ్యాలలో పరిచింది. పాపని పడుకోబెట్టగానే మూలలన్నీ పైకి లేచి, ముడతలు పడి, పాప ముక్కు మీదకొచ్చాయి. పాప కందిపోయి కెవ్వుమంది. మాణిక్యమ్మ గబుక్కున పాపని తీసి గుండెకి హత్తుకుంది. "అమ్మా, నీ చీర మీద కత్తెర వెయ్యడం నావల్ల కాదే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పాప ఏడుపు ఆపలేదు. అప్పుడు మాణిక్యమ్మ నేల మీద కూర్చుని, కాళ్ళు బారచాపి, స్నానం పోసేటప్పటిలాగే పాపని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని మెల్లగా ఆడించింది. పాప ఏడుపు మానేసి, చేతులు చాపి, హాయిగా నిద్రపోయింది.

సుగుణ తొంగిచూసి, "అమ్మా, కదలకు. ఎంత చక్కగా సరిపోయిందో చూడు" అంది.

నిజమే! మాణిక్యమ్మని వాళ్ళమ్మ అలాగే పడుకోబెట్టుకునేది, సుగుణనీ అలాగే. ఇక మాణిక్యమ్మ వెనకాడలేదు. "ఆ కత్తెర ఇలా అందుకోవే" అంది. చాపిన కాళ్ళంత పొడవు, కాళ్ళకి అటో జానెడు ఇటో జానెడు వెడల్పు. ఆ కొలతకే కత్తిరించి, మూలలు లేవకుండా గుండ్రంగా తిప్పి బొంత కుట్టేసింది. మిగిలిన చీర మడతపెట్టి పెట్టెలో దాచింది.

పాపకి పేరు పెట్టే రోజు పేరంటాళ్ళంతా వచ్చారు. బొంత ఉయ్యాలలో ఒక్క ముడత లేకుండా ఒదిగింది. దాని మీద పాప ఒదిగింది. తన తల్లే పాపని ఎత్తుకున్నట్టనిపించి మాణిక్యమ్మ మనసు నిండిపోయింది.

బసవమ్మగారు మాత్రం ఊరుకుంటుందా? "ఇంత బుల్లిదా! ఏడాది తిరక్కుండానే పొట్టైపోదూ?" అంది.

"పొట్టైపోవాలనేగా వదినగారూ, పూటపూటా పాలు పడుతున్నాం!" అంది మాణిక్యమ్మ.

బసవమ్మగారు ఫక్కున నవ్వి, తనే ముందుకొచ్చి ఉయ్యాల ఊపింది.

కథ కదిలింది కంచికి,
కునుకు వచ్చింది కంటికి!