కాటుక తోసేసిన గుడ్లు

అనగనగనగా, పెద్దల మాటకు ఎదురు లేని కాలంలో, ఏటిగట్టు తుమ్మచెట్టు మీద కాటుక అనే పడుచు కాకి తొలిసారి గూడు కట్టింది. పుల్లా పుల్లా ఏరి, లోపల కొబ్బరిపీచు పరిచింది. దానికి కావలసిందల్లా ఒక్కటే. తన కడుపున పుట్టిన పిల్ల.

పై కొమ్మ మీది బొంతకాకి దానికి మేనత్త. దగ్గర కూర్చోబెట్టుకుని బుద్ధి చెప్పింది.

“కోడలా, కోయిలది దొంగబుద్ధి. తన గుడ్డు మన గూట్లో పెట్టి పోతుంది. అందుకని గూట్లో పడిన తొలి గుడ్డును కళ్ళారా చూసి, మనసులో అచ్చు వేసుకో. దానిలా లేనిదల్లా పరాయిదే. ముక్కుతో తోసెయ్.”

కాటుక నీళ్ళకని ఏటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గూట్లో చిన్న గుడ్డు, ఎర్రచుక్కలది.

“అత్తా, నేను పెట్టినట్టు గుర్తు లేదే.”

“తొలిచూలుదానివి, నీకేం తెలుస్తుందే? గూట్లో ఉందా? తొలిదేనా? అయితే నీదే.”

అచ్చు పడిపోయింది.

తెల్లారి కాటుక గుడ్డు పెట్టింది. పెద్దది, నీలంది. అచ్చుతో కుదరలేదు. తోసేసింది. “శభాష్, నీ దగ్గర కోయిల ఆటలు సాగవు” అంది అత్త. పొగడ్తంత చౌక సరుకు లోకంలో ఇంకోటి లేదు.

మర్నాడు ఇంకోటి. అదీ నీలమే. “సిగ్గులేని కోయిల” అని తిట్టి మరీ తోసింది.

మూడోది పెట్టాక ముక్కు ఆగింది. గుడ్డు ఇంకా వెచ్చగా ఉంది.

“నొప్పి నాదైతే గుడ్డు పరాయిదెలా అవుతుందత్తా?”

“కడుపు గుడ్డిదే. కన్ను చెప్పింది విను.”

విన్నది.

చుక్కల గుడ్డు పిల్లయింది. తాను పస్తుండి మేపింది. రెక్కలొచ్చాక ఆ పిల్ల ‘కూ’ అని కూసి మామిడితోపుకేసి ఎగిరిపోయింది. వెనక్కి చూడలేదు.

కాటుక పొరుగు గూట్లోకి తొంగిచూసింది. కాకిపిల్లల పక్కన, ఇంకా పగలని గుడ్డొకటి. పెద్దది, నీలంది.

“అత్తా, నీ గుడ్లు ఏ రంగు?”

“ఎర్రచుక్కలవే. మా అత్త అలాగే చెప్పింది” అంది బొంతకాకి. “నా పిల్లల్లో ఒక్కటీ ‘కావ్’ అనలేదే.”

మరుసటేడు కాటుక నీలపు గుడ్డు పెట్టింది. తనదేనని తెలుసు. తెలిసినా కన్ను ఒప్పుకోలేదు. పరాయిదిగానే కనబడింది. ముక్కు దానంతటదే కదిలింది. కింద రాళ్ళ మీద చప్పుడైంది.

పిల్లలూ, మనదేదో తేల్చే కొలత దొంగ చేతిదైతే, జాగ్రత్తపడ్డకొద్దీ మన ఇల్లే కూలుతుంది.