ఈకల డబ్బా

గుమ్మడిపాలెం షటిల్ క్లబ్బులో ఈకల కాక్‌తో ఆడే భాగ్యం ప్రెసిడెంటు భూపతిగారిదే. తక్కినవాళ్ళకి నైలాన్‌ది. "సుతారంగా కొట్టేవాళ్ళకి ఈకలది, మోటు చేతులకి నైలాన్‌ది!" అనేవారాయన.

ఒక్కసారైనా ఈకలదానితో ఆడాలని దర్జీ వరహాలు ఆశ. "నిజమేనండి. ఎవరి దెబ్బకి ఈకలు విరిగితే వాళ్ళది మోటు చెయ్యి అని రూలు పెట్టండి," అన్నాడు అమాయకంగా.

"భేష్!" అన్నారు భూపతిగారు.

ఆ సాయంత్రమే ఆయన బాదుడికి కాక్‌లన్నీ బొచ్చు పీకిన కోళ్ళలా తయారయ్యాయి. జనం నవ్వాపుకుంటున్నారు.

ఆయన మీసం తడుముకున్నారు. "అసలు నైలానే మేలురకమయ్యా! ఇకనుంచి నాకదే."

"తమకి మేలురకమే ఉండాలండి," అంటూ వరహాలు ఈకల కాక్‌ల కొత్త డబ్బా చంకన పెట్టుకున్నాడు. "ఈ నాసిరకం మాకొదిలేయండి."