దాహమెరగని టేకు

అనగనగా, కొండా కొండా భుజాలు కలుపుకుని నిలబడ్డ చోట, మబ్బులు ఇంటి చూరుకి తగిలేంత ఎత్తున ఒక ఊరు. దాని పేరు తేనెలపాడు. దిండు సరిగ్గా పెట్టుకో బంగారం. చెయ్యి ఇలా నా మీద వేసుకో. ఊ కొడుతూ విను మరి.

ఆ ఊళ్ళో రేల అని ఒక పిల్ల. ఆ పిల్లకి మేనత్త చిలకమ్మ. రేలకి జడలు వేసింది చిలకమ్మే, చెట్లెక్కడం నేర్పిందీ చిలకమ్మే. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ బెరడు ఏ నొప్పికి మందో అన్నీ చెప్పేది. అలా చెట్ల మీద పిచ్చి పట్టి, రేల పెద్దయ్యాక పట్నం వెళ్ళి చెట్ల చదువే చదివింది.

ఆ తర్వాత చిలకమ్మకి పెళ్ళయి పక్క కొండ మీది ఊరికి వెళ్ళిపోయింది. పాపం, కొన్నేళ్ళకే మొగుడు జ్వరమొచ్చి పోయాడు. అప్పుడు మూట కట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది. ఆవిడ వచ్చిన ఏడాదే వాన మొహం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. చేలో వేసిన సామలు మొలకలోనే మాడిపోయాయి. ఊరి పక్కన పారే గెడ్డ ఎండి రాళ్ళు తేలింది. ఆడవాళ్ళు రెండు కొండలు దిగి, ఒక్క బిందెడు బురదనీళ్ళు మోసుకొచ్చేవాళ్ళు.

మనుషులకి గొంతు ఎండితే మనసు కూడా ఎండుతుంది నాన్నా. చిలకమ్మ కాలు పెట్టిన వేళ మంచిది కాదన్నారు. మొదట చాటుగా అన్నారు, ఆ తర్వాత ఆవిడ ముందే అన్నారు. చివరికి అందరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. వచ్చే సంతరోజున ఊరంతా మూటలు సర్దుకుని కొండ దిగిపోవాలి. మళ్ళీ ఎక్కకూడదు. చిలకమ్మ మాత్రం వాళ్ళ వెంట రాకూడదు.

ఈ సంగతి పట్నంలో ఉన్న రేలకి తెలిసింది. వెంటనే బస్సెక్కింది. బస్సు ఆగిపోయిన దగ్గర్నించి నడిచింది. ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని, ఎవరివో మూటలకి తాళ్ళు పేనుతోంది.

"నిన్ను వదిలేసి పోయేవాళ్ళకి నువ్వు తాళ్ళు పేనుతున్నావా అత్తా?" అంది రేల.

"పేనకపోతే వాళ్ళ గిన్నెలు దారిలో జారిపోతాయి కదే," అంది చిలకమ్మ. "నువ్వు వాళ్ళతో పోట్లాడకు. దాహంతో ఉన్నారు."

రేల అత్త చేతిలోంచి తాడు లాక్కుని పక్కన పడేసి, నేరుగా పండన్న తాత దగ్గరికెళ్ళింది. పండన్న తాత ఆ ఊరికి పెద్ద. చెడ్డవాడు కాదు. కానీ ఆయన పుట్టి బుద్ధెరిగాక అలాంటి కరువు చూడలేదు. అందుకే భయపడ్డాడు.

"తాతా, వాన పోవడం ఈ కొండకి ఇదే మొదలా?" అని అడిగింది రేల.

"నేనెరిగి ఇదే మొదలమ్మా. మా నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు."

"నీకంటే, మీ నాన్నకంటే పెద్దవాళ్ళని అడుగుదాం రా," అంది.

ఊరి పైన ఏటవాలులో, ఈమధ్యే ఈదురుగాలికి కూలిన పెద్ద టేకుమాను ఒకటి పడి ఉంది. కలప కోసం మొదలు కోసి వదిలేశారు. రేల ఆ కోత మీద ఇసకరాయితో అరగంట రుద్దింది. అప్పుడు లోపలి నుంచి వలయాలు బయటపడ్డాయి. చెరువులో రాయి పడితే గుండ్రంగా అలలు లేస్తాయే, అచ్చం అలాగే.

చెట్టు ఏడాదికి ఒక చుట్టు లావెక్కుతుంది బంగారం. వాన బాగా పడితే ఆ చుట్టు వెడల్పుగా ఉంటుంది. వాన లేకపోతే చెట్టు కూడా మనలాగే చిక్కిపోతుంది, చుట్టు వెంట్రుకంత సన్నగా వస్తుంది.

రేల బయటి అంచు నుంచి లోపలికి వేలు జరుపుకుంటూ వెళ్ళింది. ఇప్పటి కరువు సన్నగా కనబడింది. దాని వెనక వెడల్పు చుట్లు, ఇంకా వెడల్పు చుట్లు. నడిమి దగ్గర, పండన్న తాత పుట్టకముందు ఎప్పుడో, సన్న చుట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి. వాటి తర్వాత మళ్ళీ వెడల్పు.

"చూశావా తాతా. ఇంతకంటే పెద్ద కరువు వచ్చింది, పోయింది. అప్పటికి మా అత్త లేదు, మా అత్తని కన్న అమ్మ కూడా లేదు."

పండన్న తాత వంగి చూశాడు. వేలితో తడిమాడు.  ఆ తర్వాత, "ఒక్క చెట్టు మాట ఎలా నమ్మనమ్మా? దానికేదైనా తెగులు పట్టిందేమో. తెగులొచ్చినా చిక్కిపోతుంది కదా," అన్నాడు.

అది తీసిపారేసే మాట కాదు. రేల ఒప్పుకుంది. "ఇంకొకళ్ళని అడుగుదాం. మీ ఇంటి గుమ్మం ఎవరు నిలబెట్టారు తాతా?"

"మా ముత్తాత. ఈ ఊళ్ళో మొదటి టేకుగుమ్మం అది," అన్నాడు తాత కొంచెం గర్వంగా.

రేల సంచీలో ఒక బరమా ఉంది. వడ్రంగి బరమా లాంటిదే కానీ లోపల బోలు. తిప్పితే చెక్కలోకి దిగి, పెన్సిల్ కంటే సన్నటి పుల్ల ఒకటి బయటికి తెస్తుంది. మానుకి దోమ కుట్టినంత, అంతే. గుమ్మం వెనకవైపు చెక్కకుండా వదిలేశారు, బెరడు ఇంకా అంటుకునే ఉంది. అక్కడ తిప్పింది. ఆ పుల్లని నున్నగా రుద్ది, కూలిన టేకు నుంచి కోసి తెచ్చిన ముక్క పక్కన పెట్టి, చిరిగిన చీర అంచులు కలిపినట్టు ముందుకీ వెనక్కీ జరిపింది. జరపగా జరపగా ఒకచోట రెండూ కలిశాయి. దీనిలో సన్నం ఉన్నచోట దానిలోనూ సన్నం. వెడల్పు ఉన్నచోట వెడల్పు.

అప్పుడు రేల చెయ్యి ఆగిపోయింది. గుమ్మం పుల్లలో బెరడు పక్కన ఉన్న చివరి చుట్లు అన్నీ సన్నవే.

"తాతా, మీ ముత్తాత ఈ చెట్టు కొట్టింది మంచి రోజుల్లో కాదు. ఆ పెద్ద కరువు నడుస్తుండగా కొట్టాడు. ఊరు వదిలిపోయేవాడు టేకుగుమ్మం ఎందుకు నిలబెడతాడు?"

పండన్న తాత తన గుమ్మాన్నే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "అయితే వాళ్ళు ఏం తాగి బతికారు?" అన్నాడు.

ఆ ప్రశ్నే కావాలి రేలకి. వాళ్ళకి ఎక్కడో నీళ్ళుండేవి. మనుషులు మరిచిపోయిన నీళ్ళు. మనుషులు మరిచిపోయినా వేళ్ళు మరిచిపోవు కదా. ఆ కరువులో చిక్కిపోని చెట్టు ఎక్కడుందో, నీళ్ళూ అక్కడే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే అత్తని వెంటబెట్టుకుని బయల్దేరింది. ముసలి టేకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చిలకమ్మకి కంఠతా వచ్చు. ఎత్తున ఉన్న టేకుని అడిగారు. సన్న చుట్లు. ఏటవాలు టేకుని అడిగారు. అవీ సన్న చుట్లే. సంత తెల్లారితేనే. రేలకి మొదటిసారి భయం వేసింది. మెట్ట మీద కూర్చుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుంది.

"రాళ్ళపాయలో ఒకటుందే," అంది చిలకమ్మ. "కొండచరియ జారిపడ్డ చోటు. అటు ఎవరూ పోరు. అందుకే దాని సంగతి చెప్పలేదు."

ఇద్దరూ రాళ్ళు పట్టుకుని దిగారు. పెద్ద పెద్ద బండల మధ్య ముసలి టేకు ఒకటి నిలబడి ఉంది. రేల బరమా తిప్పింది. పుల్ల బయటికి తీసింది. ఎండకి ఎత్తి పట్టుకుంది. ఇప్పటి కరువులో వెడల్పు. ముత్తాత కరువులో కూడా వెడల్పే. ఆ చెట్టుకి పుట్టి ఇన్నేళ్ళయినా దాహమంటే తెలీదు.

రేల అత్తని గట్టిగా వాటేసుకుంది.

రేల వెళ్ళి పండన్న తాతకి చెప్పగానే ఊరంతా రాళ్ళపాయ అంచుకి వచ్చింది. వచ్చారే కానీ ఎవరూ దిగలేదు. బండలు చూసి మగవాళ్ళు తలలు అడ్డంగా ఊపారు. అప్పుడు చిలకమ్మ కొంగు నడుముకి చుట్టి, గునపం తీసుకుని మొదటి రాయి కింద పెట్టింది. ఆవిడ ఒక్కతే లాగుతుంటే ఇద్దరు ఆడవాళ్ళు చూడలేక దిగారు. ఆ తర్వాత మగవాళ్ళు దిగారు. ఆఖరికి పండన్న తాత కూడా పంచె పైకి కట్టి దిగాడు.

ముందు చల్లటి మట్టి వచ్చింది. తవ్వారు. ఆ తర్వాత బురద వచ్చింది. ఇంకా తవ్వారు. అప్పుడు గునపం ఒక రాతి మెట్టుకి తగిలి ఖంగుమంది. మెట్టు కింద మెట్టు. చుట్టూ చేత్తో పేర్చిన రాళ్ళ వరస. ముత్తాతల ఊట అది. చరియ జారి కప్పేస్తే, కాలం గడిచి అందరూ మరిచిపోయారు. చివరి రాయి పక్కకి తప్పించేసరికి నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. ముందు ఎర్రగా వచ్చి, చూస్తుండగానే తేటపడ్డాయి.

నాన్నా, అందరూ అలా నిలబడి చూశారు. ఒక ముసలమ్మ మాత్రం అక్కడే కూర్చుని, నీళ్ళలో చేతులు పెట్టుకుని ఏడ్చింది.

పండన్న తాత ఆకుదొప్ప నింపాడు. పెద్దవాడు కదా, ముందు ఆయనే తాగాలి. తాగలేదు. మెట్లెక్కి చిలకమ్మ ముందు నిలబడ్డాడు.

"నువ్వు ముందు తాగమ్మా. నీ కాలిని తప్పు పట్టాను. నాకు భయం వేసి ఆ మాట అన్నాను."

చిలకమ్మ దొప్ప తీసుకుంది. సగం తాగి, మిగతా సగం ఆయనకే ఇచ్చింది. "నీకూ దాహంగానే ఉంది కదా బాబాయ్," అంది.

సంతరోజు వచ్చింది. ఒక్కళ్ళూ కొండ దిగలేదు. మూటలు విప్పారు, పొయ్యిలు రాజేశారు. ఊట నీళ్ళు పారిన మేరకి చోడి నారు, అంటే రాగుల నారు పోశారు. "మళ్ళీ వాన వస్తుందా?" అని ఎవరైనా అడిగితే, పండన్న తాత టేకుమాను దగ్గరికి తీసుకెళ్ళి, సన్న చుట్ల తర్వాత ఉన్న వెడల్పు చుట్లని వేలితో చూపించేవాడు. మరుసటి ఏడు వాన వచ్చింది కూడా. కొండంతా తడిసిపోయేలా వచ్చింది.

ఆ పంట ఇంటికొచ్చిన రోజున డప్పులు మోగాయి. ఆడవాళ్ళు వెనకనుంచి చేతులు కలుపుకుని థింసా ఆటకి వరస కట్టారు. వరస ముందు నిలబడి అందరినీ నడిపించేది ఎవరంటే, ఊళ్ళో అందరికీ ఇష్టమైన మనిషి. ఆ రోజు చిలకమ్మ ఎక్కడో చివర నిలబడబోయింది. రేల వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోబోయేలోపే, ఊరి ఆడవాళ్ళు ఆవిడని లాక్కెళ్ళి ముందు నిలబెట్టారు. చిలకమ్మ కాలు ముందుకి వేసింది. ఆ కాలు వెంటే ఊరంతా అడుగు వేసింది.

ఊట ఊరింది, కుండ నిండింది,
చేను నవ్వింది, చోడి పండింది,
కథేమో కంచి దారి పట్టింది,
నిద్దరొచ్చి మన గుమ్మం తట్టింది.