తొమ్మిదో జాకెట్టు

మా సరంగు గారికి ఒక అలవాటు ఉండేది. బోటు నీళ్ళలోకి దిగే ముందు ఎవరి జాకెట్టు పట్టీలు వాళ్ళే బిగించుకుంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. ఒకరివి మరొకరు లాగి చూడాలి. ఆ తర్వాత ఆయన కుంటుకుంటూ వరస వెంట వచ్చి, ఒక్కొక్కరి భుజాల దగ్గర లైఫ్ జాకెట్టు పట్టుకుని పైకి ఎత్తేవారు. అది గడ్డం దాకా లేచిందంటే ఆ పూటకి ఆ మనిషి గట్టు మీదే.

ఆయన పేరు పెమ్మాడి కాశయ్య. ముప్పై ఏళ్ళు గోదావరి మీద లాంచీ నడిపారు. వరదలొచ్చినప్పుడు లంకల్లో చిక్కుకున్న జనాన్ని ఒడ్డుకు చేర్చే బోట్ల మీద ఇంకో పదేళ్ళు పనిచేశారు. ఆ పని నేర్పమని నాలుగు లంకల నుంచి పన్నెండు మందిని పోగుచేసి ఆయనకి అప్పగించారు. అందులో నేనొకణ్ణి. నిజానికి నేను టైలర్ని. తెగిపోయిన జాకెట్టు పట్టీలు కుట్టి ఇవ్వడానికి వెళ్ళి, చేతిలో గడ పెట్టించుకుని వచ్చాను. సూదిలో దారం ఎక్కించేవాడికి తాడుకి ముడి వెయ్యడం ఓ లెక్కా అన్నారు. నాకు నెల పట్టింది.

సరంగు గారి ఎడమ పాదం సగమే ఉండేది. మొసలి కొరికిందని మాలో ఒకడు, లాంచీ గొలుసులో పడిందని ఇంకొకడు వాదించుకునేవాళ్ళు. ఆయన్నే అడిగితే, ముందు ఆ తాడు చుట్టండి అనేవారు.

పాఠం రోజూ ఒకటే. బోటులో పనివాళ్ళు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకూడదు. వెనక ఇంజను దగ్గర ఒకడు, ముందు గడా, విసిరే తాడూ పట్టుకుని ఒకడు. నీళ్ళలో ఉన్న మనిషి దగ్గరికి దిగువ నుంచే వెళ్ళాలి. ఎగువ నుంచి వెళ్ళామా, ప్రవాహం బోటుని తీసుకెళ్ళి ఆ మనిషి నెత్తినే పెడుతుంది. ఇంజనుకి ఒక ఎర్ర తాడు ఉంటుంది. దాని కొక్కెం ఇంజను నడిపేవాడి జాకెట్టు రింగుకి తగిలించి ఉండాలి. వాడు పొరపాటున నీళ్ళలో పడితే తాడు ఊడి ఇంజను దానంతటదే ఆగిపోతుంది. ఎక్కినవాళ్ళకి కూడా ఆ తాడు చూపించి చెప్పాలి. ఇక అన్నిటికంటే గట్టి నియమం, బోటులో ఎన్ని జాకెట్లుంటే అంతమందే. ఒక్కరు ఎక్కువైనా సరే, ఆ ఒక్కరూ ఉండిపోవాలి. ఉండిపోయేవారి చేతికి ఒక ఈల ఇచ్చి, ఎంతసేపట్లో వస్తామో చెప్పి, వెళ్ళి రావాలి. మనుషులు మునిగిపోతుంటే ఈ మీనమేషాలేమిటని మేం వెనకాల గొణుక్కునేవాళ్ళం.

మా పన్నెండు మందిలో ఏసుబాబు గజ ఈతగాడు. పాతికేళ్ళు లేవు. గోదావరిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈది, గట్టెక్కి, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేసేవాడు. పడవకి వెయిట్ చెయ్యడం విసుగు అనేవాడు. దానికి తగ్గ మనసు కూడా ఉంది వాడికి. తన అన్నం డబ్బా మూత తీశాడంటే ముందు పక్కవాడికి పెట్టి గానీ తినడు. ఇంజను దగ్గర కూర్చునేది వాడేనని సరంగు గారు ఎప్పుడో పలక మీద పేరు రాసి పెట్టారు. వాడి తల్లీ, అక్కా, అక్క పిల్లలూ నదికి నట్టనడుమ లంకలో ఉండేవారు. వరద వస్తే ముందు మునిగేది ఆ లంకే. అందుకని ఆ పలక మీద పేరు వాడికి ఉత్త పేరు కాదు.

ఆ ఏడు శ్రావణంలో బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మర్నాడు తెల్లారగానే బోట్లు బయల్దేరాలి. ఆ పొద్దునే సరంగు గారు ఆఖరి పరీక్ష పెట్టారు. తొమ్మిది మందిని ఇంకా మునగని ఇసక దిబ్బ మీద నిలబెట్టి, వీళ్ళు వరదలో చిక్కుకున్న జనం అన్నారు. మాలో బక్కవాణ్ణి నేనే కాబట్టి నన్ను ముసలమ్మని చేశారు. ఏసుబాబుతో ఇంకొకణ్ణి బోటు ఎక్కించారు. మిగిలిన ఒక్కడూ గట్టు మీద గడియారం పట్టుకున్నాడు. బోటులో అదనంగా ఎనిమిదే జాకెట్లున్నాయి.

ఏసుబాబు రానూ వచ్చాడు, ఎనిమిది మందికీ జాకెట్లు తొడిగాడు. నా దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగాడు. చప్పున తన జాకెట్టు విప్పి నాకు తొడిగి, నన్ను రెండు చేతులా ఎత్తి బోటులో కూర్చోబెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. పరీక్షే అయినా నాకు కళ్ళు చెమర్చాయి. బోటు గట్టుకి చేరింది. సరంగు గారు తడిగుడ్డతో పలక మీద ఏసుబాబు పేరు తుడిచేశారు.

వాడి మొహం నల్లబడిపోయింది. ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సరంగు గారూ, ఒక్క మాట అడుగుతానండి. నాకు ఈతొచ్చు. ఆ ముసలావిడకి రాదు. నా జాకెట్టు నేను ఇచ్చుకుంటే తప్పేటండీ? మనం వెళ్ళేది జనాన్ని కాపాడ్డానికా, మనల్ని మనం కాపాడుకోడానికా?"

అబద్ధమెందుకు, నాకైతే వాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. సరంగు గారు వాదించలేదు. పెట్రోలు డబ్బా మీద కూర్చుని, సగం పాదం ముందుకి చాపి, పదహారేళ్ళ కిందట జరిగిన సంగతి చెప్పారు.

అప్పటి వరదలో ఆయన ఇంజను దగ్గర, ఆయన బావమరిది ఏడుకొండలు ముందు. ఏడుకొండలు నియమాలు తు.చ. తప్పని మనిషి. ఎక్కినవాళ్ళందరికీ ఎర్ర తాడు చూపించి, ఇది లాగితే ఇంజను ఆగుద్దండి, గుర్తెట్టుకోండి అని చెప్పందే బోటు కదలనిచ్చేవాడు కాదు. నీ పురాణం అయ్యిందా అని ఈయన ప్రతిసారీ వేళాకోళం చేసేవారు.

ఒక ఊళ్ళో డాబా మీద తొమ్మిది మంది కనబడ్డారు. ఒకే కుటుంబం. అందరిలోకీ పెద్దది సూరాయమ్మ, డెబ్భై దాటిన మనిషి. జాకెట్లు ఎనిమిది. ఏడుకొండలు జేబులోంచి ఈల తీశాడు. ఎవరు ఉండిపోవాలని అతను అడగక ముందే, ఆ ముసలమ్మ చాప పరుచుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మా వాళ్ళని దింపి రా బాబూ," అంది. "డాబా ఎక్కడికీ పోదు, నేనూ ఎక్కడికీ పోను."

ఆ మాటకి తనకి జాలేసిందని సరంగు గారు చెప్పారు. ఆ వెంటనే ఇంకో సంగతీ దాచకుండా చెప్పారు. డాబా మీద అందరూ తనకేసే చూస్తున్నారట. గోదారిలో పుట్టినవాడికి జాకెట్టేమిటన్న ఉక్రోషం తనకి ఎప్పటినుంచో ఉందట; అది తొడుక్కుని ఇంటికి వెళితే పెళ్ళాం కూడా నవ్వేదట. జాలి ఎంతో, ఆ ఉక్రోషం ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేనన్నారు. జాకెట్టు విప్పి సూరాయమ్మకి తొడిగారు. వద్దు బావా, అరగంటలో వచ్చేస్తాం కదా అని ఏడుకొండలు బతిమాలాడు. ఈయన వినిపించుకోలేదు. ఎర్ర తాడు కొక్కెం తగిలించుకోడానికి ఒంటి మీద రింగు లేదు కాబట్టి దాన్ని ఇంజను పిడికే తగిలించేశారు. ఆఖర్న ఎక్కిన సూరాయమ్మ ఇంజను పక్కనే కూర్చుంది. ఏడుకొండలు తన పురాణం అప్పుడు కూడా చదివాడు.

ఊరి చివర పెంకుటిల్లు ఒకటి ఉంది. నీళ్ళు చూరుని తాకుతున్నాయి. కొప్పు మీద ముగ్గురు, మొగుడూ పెళ్ళాం, అతని తండ్రీ. బోటు ఎలాగూ నిండింది, ఎనిమిది మందే ఎక్కినా నిండేదే. సరంగు గారు ఇంజను తగ్గించి, అరగంటలో మీ దగ్గరికే వస్తామని కేకేశారు. కొప్పు మీద మనిషి భుజం మీది కండువా తీసి ఊపాడు.

"తొందరేం లేదండి సరంగు గారూ. వాళ్ళని జాగ్రత్తగా దింపి రండి."

అంత నింపాదైన మాట ఆ మనిషి నోట ఎలా వచ్చిందో అని సరంగు గారు వెనక్కి తిరిగి ఇంకోసారి చూశారు. సరిగ్గా అప్పుడే రెండు స్తంభాల మధ్య కేబుల్ టీవీ వైరు ఒకటి నీళ్ళ మీదికి వేలాడుతూ వచ్చింది. ఏడుకొండలు తలలు వంచమని అరిచాడు. బోటులో అందరూ వంచారు. వెనక్కి చూస్తున్న ఈయన ఛాతీకి వైరు తగిలింది, నీళ్ళలో పడిపోయారు.

పడటం పెద్ద సంగతి కాదు. ఈత వచ్చు. కానీ ఇంజను ఆగలేదు. పట్టుకున్న చెయ్యి లేక అది ఓ పక్కకి ఒరిగింది, బోటు గుండ్రంగా తిరిగి పడినవాడి మీదికే వచ్చింది. ఆయన మునిగి తప్పించుకోబోయారు. ఇంజను కింద తిరిగే రెక్క పాదాన్ని పట్టుకుంది. బోటు అదే ఊపులో కొబ్బరి చెట్టుని గుద్దబోతుంటే ఇంజను ఆగింది. ఎర్ర తాడు లాగింది సూరాయమ్మ. ఏడుకొండలు చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకున్నది ఆవిడ ఒక్కతే. బోటు మెల్లగానే తగిలింది గానీ రెక్క మాత్రం చెట్టు మొదట్లో ఇరుక్కుని విరిగిపోయింది. ఏడుకొండలు తాడు విసిరి బావని పైకి లాగి, బోటులో ఒకావిడ చీర కొంగు చింపి కాలికి కట్టు కట్టి, తెడ్లు వేశాడు. పది నిమిషాల దారికి రెండు గంటలు పట్టింది. తొమ్మిది మందీ క్షేమంగా గట్టెక్కారు.

గట్టెక్కిన చోట ఇంకో బోటువాళ్ళకి పెంకుటింటి సంగతి చెప్పి పంపించారు. వాళ్ళు వెళ్ళేసరికి కొప్పు లేదు. అక్కడ నీళ్ళు చదునుగా పారుతున్నాయట. ఆ ముగ్గురి పేర్లూ సరంగు గారు మాకు చెప్పారు. నేను ఇక్కడ రాయను.

సూరాయమ్మ డాబా మెట్లలో పై నాలుగూ వరద తీసేదాకా తడవలేదు.

తర్వాత ఆయనకి సన్మానం చేశారు. తన జాకెట్టు ముసలమ్మకిచ్చి కాలు పోగొట్టుకున్న త్యాగమూర్తి అని పేపర్లో ఫొటో వేశారు. శాలువా కప్పారు. ఆ సభలో పెంకుటింటి మాట ఎవరూ ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు. సూరాయమ్మ ఇంకో పదేళ్ళు బతికింది. ఎక్కడ కనబడినా నువ్వు నా పాలిట దేవుడివి బాబూ అని చేతులెత్తేది. ఆవిడ దూరంగా కనబడితే నేను పక్క వీధిలోంచి వెళ్ళిపోయేవాణ్ణి అన్నారు సరంగు గారు.

ఆయన చెప్పడం ఆపేశాక కూడా ఏసుబాబు తల వంచుకుని నిలబడే ఉన్నాడు. తల్లి ఉన్న లంక వైపు ఒకసారి చూశాడు. అప్పటికే అక్కడ పల్లపు అరటి తోటల ఆకులు మాత్రమే నీళ్ళ పైకి కనబడుతున్నాయి. నేను ఇంకా వాడి జాకెట్టే తొడుక్కుని ఉన్నానని నాకప్పుడు తట్టింది. గబగబా విప్పి వాడి చేతికిచ్చాను. వాడు తొడుక్కున్నాడు. తన పట్టీలు తను బిగించుకోబోయి, చేతులు కిందికి దించేసి ఎదురుచూశాడు.

సరంగు గారు లేచి, కుంటుకుంటూ వచ్చి పట్టీలు లాగారు. భుజాల దగ్గర పట్టుకుని ఎత్తి చూశారు. అది కదల్లేదు. సుద్దముక్క తీసి వాడి చేతిలో పెట్టి, పలక వైపు చూపించారు.

"ఇందాకట్నుంచీ నా జాకెట్టు, నా జాకెట్టు అంటున్నావు," అన్నారు. "ఇది నీదని నీకెవరు చెప్పారు?"