మంగాయమ్మ ఇంటివాళ్ళు బడి బాత్రూములు కాపాడిన వైనం

గుమ్మలంకలో తెలివైన కుటుంబం ఏదని అడిగితే మంగాయమ్మ తన ఇంటి అటక వైపు వేలు చూపించేది. అటక మీద ఒక రేకు పెట్టె, దానికి తాళం.

"మా ఇంటి తెలివంతా అందులోనే ఉందండీ. మా మావగారి నాటిది. ఇంతవరకూ చిటికెడు కూడా వాడలేదు. వాడితే అయిపోదూ?"

కొడుకు దొరయ్య, కోడలు చక్రవేణి ఔనౌనని తలలూపేవాళ్ళు. ఆ ఇంట్లో అన్నీ అంతే. వాన వస్తే గొడుగు తడిసిపోతుందని దాన్ని కొంగులో చుట్టి వీళ్ళు తడిసేవాళ్ళు. కొత్త చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచేవాళ్ళు. పైగా ఎవరు ఏ పని చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తామని వాళ్ళకి మహా గర్వం.

అలాంటివాళ్ళకి ఊరి హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూములు చూసుకునే పని అప్పజెప్పింది హెడ్మిస్ట్రెస్ హైమావతి. వాళ్ళ సంగతి తెలియక కాదు పాపం, ఆ పనికి ఇంకెవరూ రాక!

ఆ బాత్రూముల కంపు అలాంటిది మరి. నీళ్ళు లేవు, సబ్బు లేదు, ముక్కు మూసుకోకుండా అటు పోయిన మనిషి లేడు. ఆడపిల్లలు పొద్దున్నుంచీ గుక్కెడు మంచినీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం బెల్లు కొడితే ఇళ్ళకి ఒకటే పరుగు. ఎనిమిదో తరగతి ఝాన్సీ ఇల్లు కాలవ అవతల. వెళ్ళిందంటే మళ్ళీ వచ్చేసరికి సాయంత్రమే. దానికి ప్రాణమైన లెక్కల క్లాసేమో మధ్యాహ్నం. "ఈ సగం చదువు ఎందుకే? మానేసి ఇంట్లో తమ్ముణ్ణి చూసుకో" అంది వాళ్ళమ్మ. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వచ్చి చెబితే హైమావతి కొంగు బిగించింది. దగ్గరుండి బాత్రూములు కడిగించింది. కొత్త బక్కెట్లు, మగ్గులు, సబ్బులు, పిల్లలకి కావలసిన ప్యాడ్లు అన్నీ తెప్పించింది.

"చూడు చక్రవేణీ, ఇవి ఎప్పుడూ ఇంతే శుభ్రంగా ఉండాలి. బక్కెట్లు నిండుగా ఉండాలి. సబ్బు అయిపోకూడదు. తెలిసిందా?"

"ఆయ్! తెలిసిందండి."

ఇంకేముంది! మర్నాడు మూడు బాత్రూములకీ మూడు తాళాలు పడ్డాయి. ముందు పీట వేసుకుని మంగాయమ్మ కూర్చుంది. మధ్యాహ్నం ఝాన్సీ వచ్చింది.

"మామ్మా, తాళం తియ్యి."

"తీస్తే ఏం చేస్తావు?"

"లోపలికెళ్ళి నీళ్ళు పోస్తాను."

"బక్కెట్టు వెలితి పడిపోదూ?"

"తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటాను."

"ఓసి నీ దుంప తెగ! మా సబ్బు అరగ్గొట్టడానికే వచ్చావన్నమాట!"

అంతే. ఝాన్సీ కాలవ దాటి ఇంటికి పోయింది. లెక్కల క్లాసూ పోయింది.

సంగతి తెలిసి హైమావతి ఉరుకులు పరుగుల మీద వచ్చింది. "పిల్లలు వెళ్ళకపోతే ఈ బాత్రూములు ఎందుకే?"

"శుభ్రంగా ఉండటానికండి" అంది చక్రవేణి.

"తాళాలు తియ్యండి ముందు! బడి ఉన్నంతసేపూ ఈ తలుపులు ఎవరూ మూయడానికి వీల్లేదు!"

అంతే! దొరయ్య స్క్రూడ్రైవర్ తెచ్చాడు, మూడు తలుపులూ ఊడబీకాడు, నెత్తిన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఝాన్సీ వచ్చి చూసి నోరు తెరిచింది.

"తలుపులేవి మామ్మా?"

"ఇంట్లో దాచాం. ఇక్కడుంటే ఎవరైనా మూసేస్తారని. వెళ్ళమ్మా వెళ్ళు, గాలి కూడా బాగా వస్తోంది!"

ఝాన్సీ మళ్ళీ కాలవ దాటింది. గుమ్మంలోనే వాళ్ళమ్మ తేల్చి చెప్పేసింది. "రేపు కూడా మధ్యాహ్నమే వచ్చావంటే ఇక నీకు బడి లేదు. అంతే."

అక్కడ హైమావతి నెత్తి కొట్టుకుంది. "తలుపులు తెచ్చి బిగించండి! ప్రతి తలుపుకీ లోపల గొళ్ళెం ఉండాలి, అది గట్టిగా పడాలి. మీరేమో బయట ఉండాలి. ఇందులో అర్థం కానిదేమైనా ఉందా?"

"ఏం లేదండి" అన్నాడు దొరయ్య.

తెల్లారేసరికి తలుపులు బిగించారు, గొళ్ళేలు కొట్టారు. ముగ్గురూ తలా ఒక బాత్రూములో దూరి లోపల గొళ్ళెం వేశారు. మరి బయట ఉండాలి కదా! పైన గోడకీ కప్పుకీ మధ్య ఉన్న సందులోంచి దొరయ్య దూకాడు, చక్రవేణి దూకింది. నిండు బక్కెట్టు అంచు మీద కాలేసి ఎక్కిన మంగాయమ్మ మాత్రం గోడ మీద అటో కాలు ఇటో కాలు పడి అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఆడపిల్లలు వరసగా నిలబడ్డారు. ఒక్క తలుపూ తెరుచుకోదు. హైమావతి వచ్చి దబదబా బాదింది.

"ఎవరు లోపల?"

"ఎవరూ లేరండి" అన్నాడు దొరయ్య ఆవిడ వెనకాల నిలబడి.

"మరి గొళ్ళెం ఎవరు వేశారు?"

"మేమేనండి. గొళ్ళేలు గట్టిగా పడ్డాయండి. మేం బయట ఉన్నామండి. మీరు చెప్పిన రెండూ జరిగిపోయాయండి!"

"నేను మాత్రం కొంచెం అటూ ఇటూ ఉన్నానండీ" అంది గోడ మీంచి మంగాయమ్మ.

పిల్లలు నవ్వాపుకోలేక మెలికలు తిరిగిపోయారు. ఝాన్సీకి మాత్రం నవ్వు రాలేదు. ఇవాళ ఇంటికి పోతే ఇక బడి లేదు. చున్నీ నడుముకి బిగించింది, మంగాయమ్మ కాలు పట్టుకుని గోడెక్కింది, అవతలికి దూకింది. మంగాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. లోపల మగ్గుతో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి గొళ్ళెం తీసి, చేతుల నిండా సబ్బు నురగతో ఝాన్సీ బయటికి వచ్చింది. చేతులు కడుక్కుని, అందరి ముందూ గ్లాసు నిండా మంచినీళ్ళు గటగటా తాగింది. హైమావతికి ఏడుపొచ్చినంత పనైంది.

"మామ్మా, సబ్బు రోజూ ఇలా అరగాలి. నేల ఇలా తడవాలి. సాయంత్రం మీరు కడిగి, మళ్ళీ అన్నీ నింపాలి" అని చెప్పేసి ఝాన్సీ లెక్కల క్లాసుకి పరుగెత్తింది.

కొడుకూ కోడలూ మంగాయమ్మని కిందికి దించారు. "ఈ ముక్కేదో ముందే చెప్పొచ్చుగా మేడంగారూ!" అంది ఆవిడ నడుం పట్టుకుని.

హైమావతికి ఒళ్ళు మండిపోయింది. "అన్నీ నేనే చెప్పాలా? మీ తెలివి కాస్త బయటికి తీసి వాడండి!"

ముగ్గురూ కొయ్యబారిపోయారు. తరాల నాటి ఆస్తి! అయినా చెప్పిన మాట చెప్పినట్టు చేయాలి కదా. దొరయ్య ఇంటికి పోయి అటక మీది పెట్టె మోసుకొచ్చాడు. బడి వరండాలో, పిల్లలంతా చుట్టూ మూగి చూస్తుండగా మంగాయమ్మ తాళం తీసింది. లోపల్నుంచి ఒక బొద్దింక బయటికొచ్చి తన దారిన తాను పోయింది. ఇంకేమీ లేదు.

"అయ్యో అయ్యో! తెలివంతా ఖర్చైపోయిందండీ! మీ బాత్రూములకే ఊడ్చి పెట్టేశామండీ!" అని మంగాయమ్మ గుండెలు బాదుకుంది.

"తాళం వేసుండగా ఎలా పోయింది అత్తా?" అంది చక్రవేణి.

"మరి తలుపులు పీకింది దేంతోనే? గోడలు దూకింది దేంతోనే? అదంతా ఊరికే వచ్చిందా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని గట్టి నిర్ణయానికి వచ్చేసింది. "ఒరే దొరా, ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదట్నుంచీ కూడబెట్టాలి. ఇక ఎవరూ చిటికెడు కూడా వాడకండి!"

"వాడమమ్మా" అన్నాడు కొడుకు. "ఒట్టు అత్తా" అంది కోడలు.

ఈసారి ఎవరూ పెట్టె తెరవకుండా మంగాయమ్మ తాళంచెవి కూడా లోపలే పడేసి, మూత వేసి, తాళం టక్కున నొక్కేసింది.