చేతులు దించమని రాయలేదు

సూక్ష్మం వారింట్లో ముగ్గురు మనుషులు. ముగ్గురికీ తమ తెలివి మీద గట్టి నమ్మకం. పెద్దవాడు గవరయ్య ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. తమ్ముడు పోలినాయుడు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. గవరయ్య భార్య నరసాయమ్మ వాళ్ళిద్దరూ రాసింది చదివి తల ఊపేది. అక్షరం తప్పు పట్టడంలో ఆ ఇంటికి సాటి లేదు. అక్షరం వరకే.

ఆరేళ్ళ కిందట గేటుకు రంగు వేసి, పోలినాయుడు ఒక అట్ట కట్టాడు. "రంగు తడిగా ఉంది. గేటు ముట్టరాదు" అని. ఆ అట్ట తియ్యడం మరిచిపోయారు. అంతే. ఆనాటి నుంచి ముగ్గురూ గోడ దూకి ఇంట్లోకి వస్తున్నారు.

"రాసినదాన్ని అందరూ మనలా గౌరవిస్తే లోకం ఎంత బాగుండేది!" అని గవరయ్య గోడ మీద కూర్చుని రొప్పుతూ అనేవాడు.

ఒక శుక్రవారం ఉదయం పక్కవీధి శశిరేఖ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ముగ్గురూ కెవ్వుమన్నారు. నరసాయమ్మ పరుగెత్తుకొచ్చి ఆ పిల్ల అరచేతులు తిప్పి చూసి, "రంగు అంటలేదు. అదృష్టజాతకురాలు!" అన్నది.

శశిరేఖకు నవ్వే తీరిక లేదు. ఆమె కుట్టు నేర్పే పంతులమ్మ. కొలబద్ద అని ఒక కంప్యూటరు ప్రోగ్రాం ఉంది. ఒంటి కొలతలు ఇస్తే జాకెట్టు గుడ్డ ఎలా కత్తిరించాలో గీసి చూపిస్తుంది. ఎందరెందరో తలా ఒక చెయ్యి వేసి తయారుచేసి, ఊరికే వాడుకోమని లోకానికి ఇచ్చేశారు. తప్పు కనబడితే ఎవరైనా దిద్దవచ్చు. దాన్ని వాడే పద్ధతి చెప్పే తెలుగు పుస్తకం బాధ్యత శశిరేఖది.

"గవరయ్య బాబాయ్, పుస్తకంలో నలభై దాకా అక్షరదోషాలున్నాయట. ఈ సాయంత్రం నాలుగింటికి పుస్తకం మూసేస్తారు. తరువాత ఆరు నెలల దాకా ముట్టుకోనివ్వరు. సోమవారం నా దగ్గర పన్నెండుమంది ఆడవాళ్ళు దీనితోనే నేర్చుకోవడం మొదలుపెడతారు. వాళ్ళకు తప్పుల పుస్తకం ఇవ్వమంటావా?"

"మేముండగానా?" అన్నాడు గవరయ్య.

ఆమె కాగితాల కట్ట ఇచ్చి పద్ధతి చెప్పింది. తప్పులు గవరయ్య దిద్దాలి. ఒక్కో తప్పుకు ఒక్కో కబురు పంపాలి. దిద్దినవాడు తన దిద్దుబాటుకు తానే సరే అనకూడదు. వేరే ఇద్దరు చూసి సరే అంటేనే ఆ మార్పు పుస్తకంలోకి ఎక్కుతుంది. "ఆ ఇద్దరూ నేనూ పోలినాయుడు బాబాయీ. కబురు మా ఇంటికి తెండి. నేను కంప్యూటరు దగ్గర కూర్చుంటాను" అని చెప్పి వెళ్ళింది.

పని మొదలైంది. పోలినాయుడు గట్టిగా చదివాడు. గవరయ్య ఎర్రసిరాతో దిద్దాడు. ఒక తప్పు దొరికింది. పోలినాయుడు చూసి "సరే" అని గోడ దూకి, వీధి తిరిగి, శశిరేఖ గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయీ, రెండో పేజీలో గుండీకి దీర్ఘం పోయింది."

"సరే. ఇంకా?"

"ఒక తప్పుకు ఒక కబురే కదమ్మా. మళ్ళీ వస్తాను."

ఇంకేముంది! మధ్యాహ్నానికి పోలినాయుడు పద్దెనిమిదిసార్లు గోడ దూకాడు. మోకాళ్ళు రెండూ గీసుకుపోయాయి. శశిరేఖ నెత్తీ నోరూ కొట్టుకుని, "పదేసి ఒక్కసారి చెప్పవయ్యా!" అంటే, "మమ్మల్ని అడ్డదారి తొక్కమంటావా?" అని కోప్పడి వెళ్ళిపోయాడు.

ఇంతలో ఏడో పేజీ వచ్చింది. పోలినాయుడు చదివాడు: "కొలత ఇచ్చే మనిషి రెండు చేతులూ పక్కలకు చాపి, కదలకుండా నిలబడాలి."

"కొలత ఇచ్చిన మనిషిని నేనే. నిన్ననే ఆ పిల్లకు జాకెట్టు కొలత ఇచ్చాను" అన్నది నరసాయమ్మ. అని ఊరుకుందా? రెండు చేతులూ చాపి వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఎనిమిదో పేజీ అయింది. తొమ్మిదీ అయింది. నరసాయమ్మ చేతులు వణుకుతున్నాయి.

"ఏమండీ, దించమని ఎక్కడ రాశారు?"

అన్నదమ్ములు ఆఖరి పేజీ దాకా వెతికారు. ఎక్కడా లేదు.

"అయితే ఆ మాట మీరే రాయండి."

"మనల్ని అక్షరదోషాలు దిద్దమంది గాని, లేని మాటలు చేర్చమన్నదా?" అన్నాడు గవరయ్య. "నిలబడు."

అప్పుడే పొయ్యి మీద వంకాయ పులుసు మాడు వాసన వేసింది.

"పులుసు దించండి మహాప్రభో! నా చేతులు ఖాళీ లేవు!"

"దించడమంటే మార్పే కదా తమ్ముడూ?"

"మార్పే అన్నయ్యా. ఇద్దరు సరే అనాలి. నేను సరే. నువ్వూ అను."

"నేను దిద్దేవాణ్ణి. నా నోట సరే రాకూడదు."

"వదిన?"

"పులుసు పెట్టింది ఆవిడే. తన పనికి తానెలా సరే అంటుంది?"

అంతే. పోలినాయుడు వీధిలోకి ఉరికి, చేపలమ్మే రావులమ్మను పట్టుకున్నాడు. గేటు ముట్టవద్దని చెప్పి, గంపతో సహా గోడ ఎక్కించి, వంటింట్లోకి తెచ్చాడు.

"చూసి సరే అను."

"ఏటి బావూ, దేనికి సరే?"

"పులుసుకు."

రావులమ్మ గిన్నెలోకి తొంగి చూసింది. "పులుసేదీ? బొగ్గుంది గదా!"

"ఆ సంగతి నీకెందుకు? సరే అను చాలు!"

"సరే లెండి" అన్నది రావులమ్మ. గిన్నె దించారు. రావులమ్మ, చేతులు చాపుకు నిలబడ్డ నరసాయమ్మను ఎగాదిగా చూసి, ఒక్క చేపా అమ్మకుండానే గోడ దూకి పారిపోయింది.

చదువు వచ్చినవాడు కాగితం మీది నుంచి తల ఎత్తి ఎదురుగా ఏమి జరుగుతోందో చూడాలి. చూడనివాడి చదువు వాడికీ పనికిరాదు, ఇంట్లోవాళ్ళకూ పనికిరాదు. ఆ మాట వాళ్ళకు చెప్పి ఉంటే, ఎవరు రాశారు, ఎక్కడ రాశారు అని అడిగేవారు.

మూడున్నర అయ్యేసరికి ముప్పైతొమ్మిది తప్పులు ఎక్కాయి. నలభయ్యోది ఏడో పేజీలో, చేతులు చాపమన్న ఆ వాక్యంలోనే ఉంది. గవరయ్య కలం అక్కడే ఆగిపోయింది. "ఆ వాక్యం మీద మనిషి నిలబడి ఉంది. కదలకూడదని రాసి ఉంది. దాన్ని నేనెలా కదిలించను?" అన్నాడు.

పోలినాయుడు ఎంతకీ రాకపోయేసరికి శశిరేఖ చంకలో కంప్యూటరుతో పరుగెత్తుకొచ్చింది. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు. నరసాయమ్మ రెండు చేతుల కింద రెండు కర్రలు ఊతంగా పెట్టి ఉన్నాయి.

"పిన్నీ! ఇదేం ఖర్మ? దించు!"

"పుస్తకంలో లేదమ్మా" అని నరసాయమ్మ ఏడ్చింది.

శశిరేఖ ఏడో పేజీ చదివింది. మళ్ళీ చదివింది. నుదురు కొట్టుకుని, "నిజమే, లేదు! ఇంతమంది చూశాం, ఒక్కరికీ తట్టలేదే!" అన్నది. నలభయ్యో తప్పు దిద్ది, దాని కింద టకటకా కొట్టింది: "కొలత తీసుకోవడం అయ్యాక ఆ మనిషి చేతులు దించాలి."

"ఇది నేను రాశాను గనక నేను సరే అనను. మీరిద్దరూ అనండి, తొందరగా!"

"సరే" అన్నాడు పోలినాయుడు.

గవరయ్య కదలడే! "ఇది అక్షరదోషం కాదు కదమ్మా..."

"బాబాయ్! సోమవారం పన్నెండుమందీ చేతులు చాపి నిలబడితే, వాళ్ళ ఇళ్ళకు నువ్వు వెళ్ళి వండిపెడతావా?"

గవరయ్య పొయ్యి వైపు చూశాడు. గిన్నె వైపు చూశాడు. "సరే!" అని అరిచాడు.

శశిరేఖ మీట నొక్కింది. గడియారం నాలుగు కొట్టింది. పుస్తకం ఒక్క తప్పు లేకుండా బయటికి వెళ్ళింది. నరసాయమ్మ చేతులు రెండూ ధబ్బున కిందికి దిగాయి. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"పిన్నీ, గొంతు ఎండిపోయింది. కాసిని మంచినీళ్ళు ఇయ్యవూ?"

నరసాయమ్మ కదలలేదు. చేతులు వేలాడేసుకుని జాలిగా చూసింది.

"దించమని రాశావు గాని తల్లీ, మళ్ళీ ఎత్తమని రాయలేదే!"

శశిరేఖ అక్కడే కూలబడింది. పుస్తకం ఇక ఆరు నెలల తరువాతే తెరుస్తారు. గవరయ్య గంభీరంగా తల ఊపి, "నలభై ఒకటో తప్పు. తమ్ముడూ, కబురు!" అన్నాడు.

పోలినాయుడు అప్పటికే వీధిలో ఉన్నాడు. శశిరేఖ ఇంటికి తాళం వేసి ఉంది. అయినా అతను వెనక్కి రాలేదు. గుమ్మంలో నిలబడి, ఆ తాళంతోనే చెప్పసాగాడు: "అమ్మాయీ, ఏడో పేజీ..."